కంగారూ పక్కన ఉయ్యాల

గుండుగొలను,
1936 జూలై 19

చిరంజీవి సౌభాగ్యవతి సువార్తకు మీ నాన్న దీవెనలు.

'సౌభాగ్యవతి' అన్న మాట చూసి నువ్వే కొట్టెయ్యకు. అల్లుడు పోయిన నాటి నుంచీ నీ పేరు ముందు ఆ మాట రాయకూడదట. పోయినసారి కవరు మీద చూసి పోస్టుమాస్టరు, "ఏవండీ మేస్టారూ, ఇది పొరపాటున పడిందాండీ?" అన్నాడు. "పొరపాటు కాదండీ, పట్టుబట్టి రాశాను" అన్నాను. భర్త బతికుంటేనే భాగ్యమా? నా కూతురు ట్రైనింగు స్కూల్లో పంతులమ్మ చదువు చదువుకుంటోంది. అంతకన్నా సౌభాగ్యం ఏ ఇంట్లో ఉందో చూపించమను.

ఇక్కడ అందరం క్షేమం. ఈ వాక్యం సంగతి చివర్లో చెబుతాను. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. కొల్లేరు నిండుతోంది, వరి ఊడుపులు జోరుగా సాగుతున్నాయి. బడి కప్పు కారుతోందని జిల్లా బోర్డు వాళ్ళకు మర్యాదగా రాశాను. జవాబు లేదు. మర్యాద తగ్గించి మళ్ళీ రాశాను.

ఇక నీ ప్రశ్నలు. మోడల్ పాఠానికి నీకు కంగారూ బొమ్మ ఇచ్చారన్నావు. చూడని జంతువును పిల్లల చేత ఎలా వేయించాలని అడిగావు. నువ్వు పంపిన పాఠం చూశాను. వృత్తమట, త్రిభుజమట, అర్ధవృత్తమట! నాకు ఒళ్ళు మండింది. మన పిల్లల కళ్ళకు ఆకారాలు కరువా? అందుకని మన బళ్ళో నేనే ముందు చెప్పి చూశాను. నిలబెట్టిన కోడిగుడ్డు వెయ్యమన్నాను, అది ఒళ్ళు. పైన చిన్న గుడ్డు, అది తల. దాని మీద రెండు మామిడాకులు, చెవులు. ముందు రెండు చింతకాయలు వేలాడదీస్తే చేతులు. వెనక గేదె కొమ్మొకటి తగిలిస్తే తోక. కింద కొల్లేట్లో తిరిగే దోనె వేస్తే పాదం. పలకల మీద కంగారూలు లేచి నిలబడ్డాయి సువార్తా! సైదా వేసినది కాస్త గేదెలా ఉంది గానీ, ఆస్ట్రేలియా వాళ్ళు చూసినా గుర్తుపడతారు.

సంచి సంగతి మాత్రం నేను దాచాను. "ఇది బిడ్డతల్లి. పనికెళ్తే బిడ్డను ఎక్కడ పెట్టుకుంటుందో మీరే వెయ్యండి" అన్నాను. తర్వాత సంచి వేసి అందర్నీ ఆశ్చర్యపరుద్దామని నా ఎత్తు. తిరిగి చూద్దును కదా, ఏ పలక చూసినా కంగారూ పక్కన చేనిగట్టు. గట్టు మీద మూడు కర్రలు పాతి, పాత చీరతో కట్టిన ఉయ్యాల!

నేను బోర్డు మీద కడుపు దగ్గర సంచి వేసి, అందులోంచి తొంగిచూసే పిల్లను వేశాను. క్లాసంతా ఘొల్లుమంది.

"కడుపు మీద పిల్లుంటే ఎలా వంగుద్దండీ? ఊడుపులో నడుం విరిగిపోదూ?" అంది వరమ్మ. వాళ్ళమ్మ కూలికి వెళ్తుంది.

"కంగారూ ఊడ్చదే!"

"పనికెళ్ళిందని మీరే అన్నారు కదండీ!"

నాతో వాదనకు దిగే పిల్లంటే నాకు ముద్దని నీకు తెలుసు. ఇంకాస్త రెచ్చగొట్టాను. "మరి ఉయ్యాల అంత దగ్గరగా వేశావేం? తల్లి తోక తగులుతోంది. దూరంగా, చెట్టు నీడన వెయ్యొచ్చుగా?"

"అమ్మో, దూరమైతే ఎలాగండీ? బిడ్డేడిస్తే వినపడొద్దాండీ?"

సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నేనూ ఓ ఉయ్యాల వేశాను.

నీ రెండో ప్రశ్న, ఊళ్ళో ఏమంటున్నారని. మన సంఘపెద్ద దేవసహాయం గారు ప్రార్థన అయ్యాక గుడి బయట నన్ను ఆపి, "పసివాణ్ణి వదిలేసి ఆ పిల్లకు చదువేవిటండీ?" అన్నాడు. "రంగూను వెళ్ళిన మీ అబ్బాయిని ఈ మాట అడిగారాండీ? అతనికీ పసివాడున్నాడుగా!" అన్నాను. ఆయన గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు, వాన లేకపోయినా. ఆ వాదన నేను గెలిచాను. గెలిచి ఇంటికొస్తే వరమ్మ మాట గుమ్మంలో కూర్చుని ఉంది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. "చిట్టిబాబు నన్ను అడుగుతున్నాడా?" అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు. వాడు నిన్ను మరిచిపోతే చదువు మానేసి వచ్చేస్తానన్నావు. అందుకే 'అందరం క్షేమం' అనీ, వాడు అడుగుతున్నాడనీ రాస్తూ వచ్చాను. సువార్తా, వాడు అడగడం లేదు. మొదట్లో రైలు కూత వినపడితే చాలు, వీధిలోకి పరిగెత్తి ఏడ్చేవాడు. ఇప్పుడు కూత విని కూడా ఆడుకుంటున్నాడు. మొన్న బడి నుంచి వచ్చి వాడికి కంగారూ బొమ్మ వేసి చూపించాను. సంచిలో పిల్ల మీద వేలు పెట్టి "నేను" అన్నాడు. తల్లి మీద పెట్టి "అమ్మమ్మ" అన్నాడు.

మీ అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఊదుతూ కూర్చుంది. పొయ్యిలో నిప్పు లేదు. నేను వెళ్ళి ఏదో సర్దిచెప్పబోయాను. "మీరు వాదిస్తే గెలుస్తారు లెండి. నా కూతురి చోట్లో మాత్రం నేను కూర్చోలేనండీ" అంది.

తల్లివి కాబట్టి చదువు మానమనే వాళ్ళతో చచ్చేదాకా పోట్లాడతాను. చదువుకుంటున్నావు కాబట్టి బిడ్డను మరిచిపొమ్మనడానికి నేనెవర్ని? ఈ రెండిట్లో ఒకటే దక్కుతుందని ఊరంటే కోపమొచ్చింది గానీ, నేనూ అదే లెక్కన నడిచాను కదా!

అందుకని శనివారం రైలెక్కి తాడేపల్లిగూడెం వచ్చాను. మీ హాస్టలు గోడ వెనక, కుట్టుపని చేసుకునే ఖైరున్నీసా గారింట్లో ముందు గది ఖాళీగా ఉంది. "పిల్లాడు ఏడుస్తాడాండీ?" అని అడిగిందావిడ. "ఏడుస్తాడండీ, అందుకే ఈ గది తీసుకుంటున్నాను" అన్నాను. వింతగా చూసింది. సాయంత్రం మీ ప్రార్థన పాట ఆ గదిలోకి చక్కగా వినపడింది. అటు నుంచి ఇటు వినపడితే, ఇటు నుంచి అటూ వినపడుతుంది. నిన్ను మాత్రం పిలవలేదు. పిలిస్తే నాతో పాటే బండెక్కేస్తావని భయం.

మనవాళ్ళు ఊళ్ళో కాపురముంటే రాత్రులు ఇంట్లో పడుకోవచ్చని మీ రూల్సులో ఉంది. తెప్పించుకుని చదివాను. కాదంటే నాకు కబురు చెయ్యి, పోట్లాడి చాలా రోజులైంది. వచ్చే శనివారం మీ అమ్మనీ చిట్టిబాబునీ అక్కడ దింపుతాను. నా తిండి గురించి బెంగ వద్దు, అన్నం మాడ్చుకోవడం నాకు బాగానే వచ్చు. ఆదివారాలు వస్తుంటాను.

పెట్టె సర్దకు. వాడు మొదట నీ దగ్గరికి రాకపోవచ్చు. లాక్కోకు, ఏడవకు. పలక తీసుకుని ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా గుడ్డు వెయ్యి, మామిడాకులు వెయ్యి, దోనె వెయ్యి. వాడే జరుక్కుంటూ పక్కకు చేరతాడు. అప్పుడు ఉయ్యాల వెయ్యి. తోక తగిలినా ఫరవాలేదు, దగ్గరగా వెయ్యి.

ఇట్లు,
అందరితో పోట్లాడి, ఒక్క వరమ్మ దగ్గర ఓడిన
మీ నాన్న
క్రీస్తుదాసు