వంతెన దాటకముందు దిగవలసినవారు

విజయవాడ భవానీపురం నివాసి, కీర్తిశేషులు ఇంటూరి అంతోని గారి పెద్ద కుమార్తె, ఇంటూరి శౌరమ్మ, వయస్సు యాభై ఏడు, అవివాహిత, అను నేను నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. ఇదే మొదటిది, ఇదే ఆఖరిది. ఎవరి బలవంతమూ లేదు. జబ్బు లేదు. బీపీ కూడా లేదు.

మతి స్థిమితంగా ఉందని ఒక ముక్క రాస్తే చాలని పక్కింటి దుర్గాప్రసాద్ గారు అన్నారు. ఆయన రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కానీ చదివేవాళ్ళకి అనుమానం వస్తుందని నాకు తెలుసు. అందుకని ఇవాళ పొద్దుటి సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మతి చెడినవాళ్ళు ఇలా రాయలేరు.

అయిదింటికి లేచాను. జపమాల అయ్యేసరికి కుళాయి వచ్చింది. రెండు బిందెలు, ఒక డ్రమ్ము పట్టాను. పాల సంచి గేటుకి తగిలించి ఉంది. ఒక ప్యాకెట్టు కారుతుంటే గిన్నెలో పోశాను. పెసరట్టు పిండి రుబ్బాను. అల్లం తక్కువైంది. చిన్న తమ్ముడు జాన్ పాల్ కాలికి కట్టుతో ముందు గదిలో నిద్రపోతున్నాడు. ఆరున్నరకి చీపురు తీసుకుని వెనక షెడ్డులోకి వెళ్ళాను. బండి ఇంజను మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. తాళం చెవి వంటింట్లో మరియమాత పటం కింద మేకుకి ఉంది. నిన్న తగిలించింది నేనే. డ్రైవరు ఎదురుగా, ఇంజనులోకి పోయే గాలి ఒత్తిడి చూపడానికి కొత్తగా బిగించిన గాలి గడియారంలో ముల్లు నిట్టనిలువుగా నిలబడి ఉంది. బండి బరువు లాగుతున్నప్పుడు తప్ప ఆ ముల్లు లేవదు.

షెడ్డు ఊడ్చడం పూర్తిచేసి వచ్చి పెసరట్లు పోశాను.

ఇక ఆస్తులు.

ఒకటి. భవానీపురంలో నా పేరున ఉన్న ఇల్లు, వెనక షెడ్డుతో సహా, నా తమ్ముళ్ళు ఫిలిప్, జాన్ పాల్ ఇద్దరికీ సమానంగా చెందుతుంది. ముందు గది జాన్ పాల్‌ది. దాని కిటికీ తలుపు సరిగా పడదు, కొంచెం ఎత్తి నెట్టాలి.

రెండు. నాన్నగారి చేతి గడియారం, నల్ల గొడుగు ఫిలిప్‌కి. మా ఇంటి వృత్తి ఫ్రీజర్ పెట్టె. చనిపోయినవారిని బంధువులు వచ్చేదాకా ఉంచే చల్లపెట్టె, దానికి జనరేటరు, రెండూ మోసే ట్రెయిలరు, ఆ ట్రెయిలరుని లాగే పాత ఎస్‌యూవీ. హిందువులకీ ముస్లిములకీ మా వాళ్ళకీ అదే పెట్టె. ముప్పై ఏళ్ళ నుంచి అదే మా అన్నం. ఫిలిప్ తన అత్తగారి వాళ్ళకి మాది రిఫ్రిజరేషన్ కంపెనీ అని చెప్పుకున్నాడు. నాన్నగారు ఆ పెళ్ళిలో ఏసీల రేట్లు అడిగినవాళ్ళకి తల వంచుకుని సమాధానం చెప్పారు. ఆ సంగతి నేను మన్నించాను. మరిచిపోలేదు. ఇప్పటికి ఇరవై రెండేళ్ళు ఫిలిప్ ఆ బండి తలుపు ముట్టుకోలేదు.

అయినా ఈ వీలునామా అమలుచేయవలసినవాడిగా ఫిలిప్‌నే నియమిస్తున్నాను. వాడికి వీటిలో దేనిమీదా నమ్మకం లేదు. కాబట్టి పొల్లుపోకుండా చేస్తాడు.

మూడు. నాన్నగారి పానాల పెట్టె ఆటోనగర్ మెకానిక్ ఇస్సాక్‌కి. నా స్టీలు ఫ్లాస్కు కూడా. తప్పు అతనిది కాదని ఇక్కడ రాతపూర్వకంగా చెబుతున్నాను. తప్పు నాది.

నాలుగు. సదరు ఎస్‌యూవీ జాన్ పాల్‌కి చెందుతుంది. ఈ అంశంలో కొంచెం ఎక్కువ రాయాలి.

మాకు పని ఎక్కువగా చల్లపల్లి వైపు ఊళ్ళలో. ఆ దారిలో కూచిపూడికి అవతల, లోపలి రోడ్డు మీద ఒక పాత కాలవ వంతెన ఉంది. గూని వంతెన. ట్రెయిలరుతో ఆ ఎత్తు ఎక్కడం మా బండికి ఎప్పుడూ చేతకాలేదు. అందుకని నాన్నగారు ఎత్తు కిందే ట్రెయిలరు విప్పేసి, బండిని అవతలికి దాటించి, మోకు కట్టి ట్రెయిలరుని లాగేవారు. పోయేటప్పుడు గబగబా చేసేవారు. శ్మశానం పని ముగించుకుని ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం తొందరపడేవారు కాదు. పెట్టె మూత తెరిచేవారు. దూరంగా వెళ్ళి, వీపు తిప్పి నిలబడి, మృతుల జపం మూడుసార్లు చెప్పుకుని, అప్పుడు మూత మూసేవారు. ఎందుకని నేను ఒకసారి అడిగాను. "దిగాల్సినవాళ్ళు ఎవరన్నా ఉంటే దిగుతారమ్మా. మనం చూస్తూ నిలబడితే మొహమాటపడతారు" అన్నారు. ఆ ఆచారం ఇంజను చాలక మొదలైందో, మనసు చాలక మొదలైందో నాకు తెలియదు. నాన్నగారు పోయాక జాన్ పాల్ కూడా అలాగే చేస్తూ వచ్చాడు.

పోయిన మే నెలలో ఆ వంతెన దగ్గర మోకు తెగింది. గంటన్నర ఆలస్యమైంది. అవతల ఒక ఇంట్లో శవం ఎండకి బయటే ఉంది. ఆ ఇంటి పెద్దాయన జాన్ పాల్‌ని పదిమందిలో పట్టుకుని, "మా ముసల్దాని కన్నా ముందు మీ బండే పోయేట్టుందయ్యా, ముందు దాన్ని పెట్టెలో పెట్టు!" అన్నాడట. వాడు ఆ పూట అన్నం తినలేదు. తర్వాతి వారం వాడూ ఇస్సాకూ నా దగ్గరికి వచ్చారు. ఇంజను పట్టాతో తిరుగుతూ లోపలికి గాలిని ఒత్తి నింపే యంత్రం ఒకటుందట. సూపర్‌చార్జర్. పాత ఇంజనుకే బిగించవచ్చు, లాగే బలం పెరుగుతుంది. ఇస్సాక్ దాచలేదు. "అక్కయ్యగారూ, నేను ఊపిరి పెంచుతానండి. బ్రేకులు మాత్రం పాతవే. లాగడానికే గానీ ఆపడానికి నాది పూచీ లేదు" అన్నాడు. నేను జపం చేసుకుని సరే అన్నాను. బ్రేకుల గురించి ఆలోచించాను. వంతెన ఎత్తు ఎక్కకముందు ఆగే ఆ కాసేపటి గురించి ఆలోచించలేదు.

జులైలో బిగించారు. సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు కొత్తగా వచ్చింది. మొదటి రోజు జాన్ పాల్ ఫోను చేసి, "అక్కా, ఏనుగక్కా ఇది! దిగే పనే లేదు, నవ్వుకుంటా ఎక్కేసింది" అన్నాడు. వాడు అంతగా సంతోషపడగా విని చాలా ఏళ్ళయింది. నేనూ నవ్వాను. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు కూడా వాడు ఆగలేదు.

ఆ సాయంత్రం పెట్టె కడుగుతుంటే మూత లోపలివైపు అద్దం మీద మసక కనిపించింది. దగ్గరగా నిలబడి ఊపిరి వదిలితే పడే మసక. తుడిచాను. మళ్ళీ వచ్చింది. కరెంటు తీసేసి నాలుగు గంటలైంది.

తర్వాతి ప్రయాణానికి మసకలు రెండు, పక్కపక్కనే. ఇలా ఎనిమిది ప్రయాణాలు. ఖాళీ ట్రెయిలరుతో చదును రోడ్డు మీద వస్తున్నా గాలి ముల్లు దిగడం లేదని జాన్ పాల్ గొణిగాడు. డీజిలు ఎక్కువ తాగుతోందన్నాడు. ఇస్సాక్ ట్రెయిలరుని ఆటోనగర్ కాటా మీద తూయించాడు. ఖాళీ బరువు ఎంత ఉండాలో అంతే ఉంది, కిలో తేడా లేదు. ఇస్సాక్ ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కాటాకి తెలియని బరువు ఇంజనుకి ఎలా తెలుస్తోందండీ?" అన్నాడు.

పోయిన ఆదివారం ఎనిమిదో ప్రయాణం. వంతెన ఇవతలి దిగుడులో బ్రేకు నిలవలేదు. బండి కాలవ గట్టు రాయికి కొట్టుకుని ఆగింది. రాయి లేకపోతే నీళ్ళే. జాన్ పాల్ పాదం ఎముక విరిగింది. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అన్నాడు: "వెనక నుంచి తోశారక్కా."

వాళ్ళకి కోపం ఉందని నేను అనుకోను. ఇరుకుగా ఉందేమో.

కాబట్టి జాన్ పాల్‌కి ఈ బండి ఒక షరతు మీద ఇస్తున్నాను. సూపర్‌చార్జర్ దానికి మళ్ళీ బిగించకూడదు. మరో బండికీ అమ్మకూడదు. ఎత్తు ఎక్కలేని బండిగానే వాడుకోవాలి. ఎవరైనా వెక్కిరిస్తే వెక్కిరించనీ.

అయిదు. ట్రెయిలరు, పెట్టె ఎవరికీ రాయడం లేదు. కారణం చివర ఉంది.

ఆరు. నా జపమాల జాన్ పాల్‌కి. జరీ లేని నాలుగు చీరలు కాన్వెంటుకి. ఎదురింటి రావమ్మకి ఏమీ రాయలేదు. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి ఏమీ ఇవ్వకూడదట. ఆమెకి ఇవ్వాలనుకున్న గోంగూర జాడీ నిన్ననే ఇచ్చేశాను.

ఏడు. నా శరీరం దొరికితే నాన్నగారి పక్కన పూడ్చండి. పెట్టెలో పెట్టవద్దు. ఎవరికోసమూ ఆగవద్దు.

ఇవాళ సాయంత్రం ఫిలిప్ వచ్చాడు. కబురు పెట్టింది నేనే. షెడ్డులోకి తీసుకెళ్ళి ముల్లు చూపించాను. "గడియారం పాడైందక్కా, అంతే" అన్నాడు. పెట్టె మూత చూపించాను. రుమాలుతో తుడిచాడు. కాసేపు నిలబడ్డాడు. మళ్ళీ తుడిచాడు. ఆ తర్వాత రుమాలు జేబులో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకి మేము ముగ్గురం నిర్ణయించుకున్నది ఇది.

రేపు మృతుల పండుగ. పొద్దున్నే ఇస్సాక్ వచ్చి సూపర్‌చార్జర్ విప్పి పాత గొట్టం బిగిస్తాడు. బండి ఫిలిప్ నడుపుతాడు. నేను అడగలేదు, తనే అన్నాడు. జాన్ పాల్ పక్కన కూర్చుంటాడు. వంతెన దాటి అవతల ఊరి శ్మశానం దాకా వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు, ఎత్తు కింద ట్రెయిలరు విప్పి, మోకు కట్టి, మూత తెరుస్తాం. తమ్ముళ్ళిద్దరూ బండితో వంతెన ఇవతలికి వచ్చేసి వీపు తిప్పి నిలబడతారు. నేను ట్రెయిలరు దగ్గర ఉంటాను. నాన్నగారు అలా ఉండవద్దన్నారు, నిజమే. కానీ పెట్టెలోని వీళ్ళలో మొదటివారు వచ్చి మూడు నెలలు దాటింది. ఇంటికి వచ్చినవాళ్ళకి ఇక వెళ్ళిరండని చెప్పేవాళ్ళు ఒకరు ఉండాలి. పెద్దదాన్ని నేను. ఎనిమిది పేర్లూ నోటుపుస్తకంలో ఉన్నాయి. సుబ్బరత్నం గారు ఎనభై ఒకటి, ఆమెతో మొదలుపెడతాను. చివర తబస్సుం. తండ్రి కువైట్ నుంచి వచ్చేదాకా రెండు రోజులు మా పెట్టెలో ఉన్న పిల్ల, తొమ్మిదేళ్ళు. ఆమె దిగడానికి చెయ్యి అందించాలి. ట్రెయిలరు ఎత్తుగా ఉంటుంది.

మూడు జపాల తర్వాత ఫిలిప్ బండితో మోకు లాగాలి. తేలికగా వస్తే వెనకే నేను నడిచి వస్తాను, ఈ కాగితం చించేసి అందరం భోజనం చేద్దాం. బరువుగా వస్తే ఒక్క అడుగు కూడా లాగవద్దు. మోకు కోసేసి, ట్రెయిలరునీ పెట్టెనీ అక్కడే వదిలి, నన్ను పిలవకుండా, వెనక్కి చూడకుండా ఇద్దరూ ఇంటికి వచ్చేయాలి. ఫిలిప్ ఒప్పుకున్నాడు. జాన్ పాల్ చేత మరియమాత పటం మీద ఒట్టు వేయించాను.

కింద సంతకం చేస్తున్న సాక్షులిద్దరూ నా సంతకానికి మాత్రమే సాక్షులు. షెడ్డులోంచి ఇప్పుడు వినపడుతున్న ఈలకి కాదు.

విజయవాడ, భవానీపురం
2025 నవంబరు 1, శనివారం, సాయంత్రం

(సంతకం) ఇంటూరి శౌరమ్మ

మా ఎదుట ఆమె స్వయంగా సంతకం చేశారు:
1. దుర్గాప్రసాద్, పక్కింటి నివాసి
2. రావమ్మ, ఎదురింటి నివాసి