వదలని పిడికిలి

అక్కా,

నువ్వు పోయి రేపటికి తొమ్మిదేళ్లు. ఈ రోజు నీ కూతురు లతను కామారెడ్డిలో డాక్టరమ్మకు చూపించాను. మొన్న ఎల్లారెడ్డిలో బస్సు దిగబోతే దాని చేయి కడ్డీని వదల్లేదు. "దిగమ్మా, ఏంది నాటకాలు?" అని కండక్టర్ అరిచాడు.

డాక్టరమ్మ కండలో సన్నటి సూది గుచ్చి పరీక్షించింది. "కండల కణాలకు ఉప్పులు వచ్చిపొయ్యే సన్నటి తలుపులుంటయి. ఈమెకు ఒక రకం తలుపులు పుట్టుకతోనే సరిగ్గ తెరుసుకుంటలేవు. అందుకే చెయ్యి బిగించే కరెంటు జల్ది ఆగదు, పిడికిలి ఇడువదు. మందులున్నయి. తల్లికి గిట్లనే ఉండెనా?" అంది. తలూపాను.

మనిద్దరం పనిచేసిన బీడీల కార్ఖానాలో పక్కామె ఆకుకట్టను ఆమెకు అందివ్వబోయి నువ్వు వదల్లేకపోయిన రోజు గుర్తొచ్చింది. అందరూ దొంగచెయ్యి అన్నారు. ఆ మాట పట్టుకునే బావ నిన్ను పుట్టింట్లో దింపిపోయాడు.

సాయంత్రం వెళ్లి ఆయనకు చెప్పాను. చాయ్ ఊదుకుంటూ, "గప్పుడు ఎవలికి తెలుసు? అయిపోయిందాన్ని తవ్వుడెందుకు?" అన్నాడు. ఆయన మీద అసహ్యమేసింది. లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక మరీ అసహ్యమేసింది, ఈసారి నా మీద. ఆ రోజు, "ఆగవే చెల్లె, జరసేపైతే అదే ఇడుస్తది" అని నువ్వు బతిమాలుతున్నా నీ వేళ్లను ఒక్కొక్కటే విరిచి విప్పింది నేనే. నువ్వు దొంగవు కాదని నాకు తెలుసు. నన్ను దొంగకు చెల్లెలంటారని భయపడ్డాను.