దుగ్గిరాల నుంచి జవాను తండ్రి

శుక్రవారం, తెనాలి

పొద్దున దుగ్గిరాల నుంచి ఒక రైతు వచ్చాడు. "కరుణ టీచర్ గారిల్లు ఇదేనాండి?"

నా భార్య కరుణ పోయి రెండేళ్లు. ఆ పేరుతో మా ఇల్లు అడిగినవాళ్లు ఈమధ్య లేరు.

ఆయన కొడుకు జవాను. సరిహద్దులో గాయపడితే, ఫిరంగి గుండ్లు పడుతుండగానే హెలికాప్టర్ దిగి ఎత్తుకొచ్చిందట. ఎక్కించేటప్పుడు "అమ్మా" అని మూలిగాడట. పైలట్ వెనక్కి తిరిగి తెలుగులో పలకరించిందట.

"ఏ ఊరు తమ్ముడూ?"

"దుగ్గిరాల అక్కా."

"మాది తెనాలే. కరుణ టీచర్ కూతుర్ని. ఆస్పత్రికి చేర్చే పూచీ నాది, పడుకో."

ఆ పైలట్ మా అమ్మాయి స్వర్ణ. వాయుసేనలో ఉన్నా, నాతో మాత్రం ఇప్పుడు ఆఫీసు డ్యూటీ అని చెప్పింది.

"మావాడు బతికాడండి" అంటూ ఆయన సంచీడు పసుపుకొమ్ములు నా చేతిలో పెట్టాడు. కరుణైతే అన్నం పెట్టకుండా పంపేది కాదు. నేనూ పంపలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైంది. అయినా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

సాయంత్రం స్వర్ణకు ఫోన్ చేశాను. "ఏంటే, ఆఫీసు డ్యూటీ అన్నావు?"

"నువ్వు భయపడతావని నాన్నా."

జాగ్రత్త అని చెప్పబోయి, "ఎంతమందిని తెచ్చావే?" అన్నాను.

"పదకొండు మందిని. అందరూ బతికారు నాన్నా!"

రేపు మళ్లీ వెళ్తానంది. వెళ్లమన్నాను.