చేప గుండె ఎక్కడుంటుంది

రాజమండ్రి, మంగళవారం

నాన్నగారికి కెజియ వందనాలు.

ఫోన్లో మీకు ఎదురు చెప్పలేనని కార్డు రాస్తున్నాను. నేను చేపలు కోస్తున్నానని నలుగురికీ తెలిస్తే బాగుండదు, ఇంటికి వచ్చెయ్యమన్నారు మీరు. రాలేనండి. పొద్దున మార్కెట్లో ఆ పని చేస్తేనే మధ్యాహ్నం నీట్ కోచింగు ఫీజు కట్టగలను.

క్లాసులో నీచు వాసనని నా పక్కన ఎవరూ కూర్చోరు. నిన్న జువాలజీ సారు, "చేప గుండె ఎక్కడుంటుంది?" అని అడిగితే అందరూ పుస్తకాలు తిరగేశారు. నేను లేచి, "మొప్పల వెనక, కిందివైపండి. రెండే గదులు. రోజూ చేత్తో తీస్తున్నాను సార్" అన్నాను. సారు నాచేత బోర్డు మీద బొమ్మ వేయించారు. సాయిప్రసన్న అనే అమ్మాయి వచ్చి నా బెంచీలో కూర్చుంది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా బోటనీ నోట్సు బాబాయితో పంపండి. సీటు తెచ్చుకునే వస్తాను.

ఆదివారం చర్చిలో నాకోసం ప్రార్థన చేయించండి. ఏం పని చేస్తూ చదువుతున్నానో కూడా అందరికీ చెప్పండి.

మీ కెజియ