అన్నం గిన్నెల గుగ్గిలం

తమ్మీ రాజలింగూ,

కండ్లు చూపించుకోనీకి భూపాలపల్లి పోతున్న. రేపొస్త. పప్పు పొయ్యి పక్కన ఉన్నది. చేతులు సబ్బుతోని కడుక్కొని తిను.

పడవ సందులు పూడ్చే గుగ్గిలం కాచనీకి నా అన్నం గిన్నెనే దొరికిందా నీకు? ఛీ! ఎంత తోమినా కంపు పోలేదు, పారేసిన. పడవల చచ్చిన ఎలుకలను నువ్వే తియ్యి. బాపు పడవ గాకుంటే ఎప్పుడో పొయ్యిల పెడుదును.

ఎరువు బస్తాలతోని కుట్టిన తెరచాప వెతకకు. నా సంచిల ఉన్నది. ఒడ్డున నిలబడి బాపును సాగనంపిన, మీ బావను సాగనంపిన. ఇద్దరూ మళ్ల రాలేదు, ఉత్త పడవే వచ్చింది. ఇగ నాతోని కాదు. నేను వచ్చినంకనే పడవ దించు. నేను గూడ ఎక్కుత.

అక్క

నేను కూసునే చెక్క మాత్రం బాగ కడుగు.