గొడుగు చూశానన్న సాక్ష్యం

కంకిపాడు,
14-10-1973.

ఆ పుల్లయ్య నోరు మూయించడం నా వల్ల కాదు తెరేసా. మొన్నటిదాకా వాడి హోటల్ కబుర్లలో నీ కొడుకు అంతోని కూల్చిన పాకిస్తాన్ విమానం ఒకటే. ఇప్పుడు మూడయ్యాయి. సాంబారు పల్చబడేకొద్దీ విమానాలు పెరుగుతున్నాయి.

చెల్లెమ్మకు అన్నయ్య దీవెనలు. ఇక్కడ నా మోకాలు తప్ప అందరం బాగున్నాం. భిలాయిలో నువ్వూ, అమ్మాయీ, అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను. నీ గేదె సంగతి అడిగావు. ఈనింది, పెయ్యదూడ. పాలు పితకబోతే నన్ను తన్నింది. నీ గేదె కదా అని ఊరుకున్నాను.

ఇక నువ్వు రాసిన రెండో మాట. పాకిస్తాన్‌కి పట్టుబడిన ఖైదీలంతా నిరుడే తిరిగొచ్చినా, మనవాడు కూలే విమానంలోంచి గొడుగు విప్పుకుని దిగాడు కాబట్టి ఏదో జైల్లో ఉండే ఉంటాడనీ, సమాధుల పండుగ పూజలో చనిపోయినవాళ్ళతోపాటు వాడి పేరు చదివించొద్దనీ రాశావు. ఆ ప్యారాచూట్ చూశానని చెప్పింది వాడికి జోడీగా ఎగిరిన సర్దార్జీ ఆఫీసరు. మనింటికొచ్చి మరీ చెప్పాడు. నువ్వు నా వైపు తిరిగి, "అన్నయ్యా, బర్మా యుద్ధంలో నీ పని ఇదేగా. నమ్మొచ్చా?" అన్నావు. నమ్మొచ్చమ్మా అన్నాను.

నా పని అదే, పైలట్లు చెప్పింది ఎంత నిజమో లెక్క చూడడం. మా పైలట్లు కిందికి దిగి, జపాను వాళ్ళ దగ్గర ఉన్నవాటికంటే ఎక్కువ విమానాలు కూల్చామని చెప్పేవాళ్ళు. అబద్ధమాడాలని కాదు, పాపం. ఒకే పొగను ముగ్గురు చూసి మూడు రాయించేవాళ్ళు. తుపాకుల్లో ఎన్ని తూటాలు మిగిలాయో నేను చూసి చెబితే, మా ఆఫీసరు సగం కొట్టేసేవాడు.

ఏడాదిన్నరగా దాచిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఆవేళ సర్దార్జీని రైలెక్కించడానికి బెజవాడ వెళ్ళానుగా. ప్లాట్‌ఫారం మీద నాకొచ్చిన హిందీలో అడిగాను.

"ఎంత ఎత్తులో ఉన్నారు బాబూ?"

"మీ తాడిచెట్లకు కాస్త పైన."

"నీ వెనకాల?"

"శత్రువు."

"మరి గొడుగెప్పుడు చూశావు?"

"అమ్మగారు కొర్రమీను తలకాయ నా కంచంలో వేసి, మా వాడికి ఇదే ఇష్టం అన్నారు సార్. చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. నేల మీద మంట ఒక్కటే చూశాను" అన్నాడు.

బర్మాలో ఎందరి మాటలో కొట్టేయించినవాణ్ణి, ఈ ఒక్కటీ వదిలేశాను. ఆ పూట నువ్వు చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నావు, అందుకని.

వాడు లేడమ్మా. నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టి రాయి. కానీ ఈసారి పేరు చదివిద్దాం.

ఇట్లు,
నీ అన్నయ్య,
శౌరయ్య.

ఉత్తరం మడిచేలోగా గుడి ఉపదేశి మరియదాసు పూజ పేర్ల కాగితంతో వాకిట్లోకొచ్చాడు. "శౌరయ్యగారో! మీ ఇంట్లోంచి ఎవరి పేరూ లేదా ఏంటండీ?" అని కేకేస్తున్నాడు. నీ జవాబు వచ్చేదాకా అడుగున కాస్త ఖాళీ ఉంచమని చెప్పొస్తాను, ఒక్క పేరు పట్టేంత.