నాన్నగారి పాట నంబరు

మునిర్కా,
ఢిల్లీ,
ఏప్రిల్ 8

నా ప్రాణంతో సమానమైన అక్కయ్యకు,

నీ మోకాళ్ళ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఫోనులో చెబితే ఇంట్లో వినబడుతుందని రాస్తున్నాను.

నాన్నగారు చర్చికి పట్టుకెళ్ళే పాటల పుస్తకం కనబడడం లేదు. ట్రంకు పెట్టె అడుగున తెల్లగుడ్డలో చుట్టి పెట్టాను. మొన్న చూస్తే గుడ్డ ఉంది, పుస్తకం లేదు.

నా అనుమానం కోడలి మీదే. జెనీఫర్ పని నీకు తెలుసుగా. ముఖర్జీ నగర్‌లో కోచింగు చదువు మానుకుని వెళ్ళిపోయే పిల్లల లావుపాటి పుస్తకాలు తూకానికి తెచ్చి, సన్నని కత్తితో లోపలికి చెక్కి, కొండలూ పక్షులూ చేసి అమ్ముతుంది. ఈ మధ్య తలుపు వేసుకుని చెక్కుతోంది. గది ఊడుస్తానంటే, "రహనే దో మమ్మీ, నేనే చేసుకుంటా" అని చీపురు లాక్కుంటుంది. నిన్న ఆమె కుర్చీ కింద కాగితపు పీలికలు దొరికాయి. అన్నీ తెలుగు అక్షరాలే! ఢిల్లీలో పుట్టిన ఆ పిల్లకు తెలుగు చదవడమే రాదు కదా?

సాయంత్రం టీ ఇస్తూ అడిగింది.

"మమ్మీ, తాతయ్యకి బాగా ఇష్టమైన పాట ఏది? నంబర్ చెప్పండి."

"ఎందుకమ్మా?"

"ఐసే హీ."

ఊరికే ఎవరైనా అడుగుతారా? నాన్నగారి పాటను ఆ కత్తికి అప్పగించబుద్ధి కాలేదు. ఆయన పాట నూట పన్నెండు. నేను రెండు వందల ఆరు అన్నాను, సమాధి దగ్గర పాడేది. ప్రభువు క్షమించాలి.

నిలదీస్తే మా నోయల్ మధ్యలో నలిగిపోతాడు. మనసులో ఇంత పెట్టుకుని ప్రభు భోజన సంస్కారం ఎలా తీసుకోను? ఆదివారం చర్చిలో రొట్టె పళ్ళెం నా ముందుకు వస్తే తీసుకోకుండా తల వంచుకున్నాను. వేసవి సెలవుల్లో నీ దగ్గరికి వచ్చేస్తాను. కారణం అబ్బాయికి చెప్పకు.

నీ చెల్లెలు
సరళకుమారి


మునిర్కా,
మే 14

అక్కయ్యా,

నేను రావడం లేదు.

మొన్న నా పుట్టినరోజు ప్రార్థన అయ్యాక జెనీఫర్ నాన్నగారి పుస్తకం తెచ్చి నా ఒడిలో పెట్టింది. పేజీలన్నీ మెట్లు మెట్లుగా లోపలికి దిగి, అడుగున ఒక్క పాట నిండుగా నిలిచి ఉంది.

"ట్రంకులో చెదలు పట్టాయి మమ్మీ. గోడ చెమ్మ. చెబితే ఏడుస్తారని దాచి, చెదలు తిన్న అంచులు ముందే కోసేశాను. మీరు చెప్పిన పాట బచ్ గయా, పాడవకుండా మిగిలింది. చూడండి, టూ నాట్ సిక్స్!"

"నూట పన్నెండు కూడా చెదలు తిన్నాయా?" అన్నాను.

"లేదు, అది బాగానే ఉండింది. కానీ టూ నాట్ సిక్స్ కనబడాలంటే పైవన్నీ కోయాలి కదా."

ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. అదే నాన్నగారి పాట అంటే నమ్మేసేది. కానీ ఆమెతో సమాధానపడకుండా మళ్ళీ ఆ పళ్ళెం ముందు ఎలా కూర్చోను? అంతా చెప్పేశాను.

"నన్ను చోర్ అనుకున్నారా?" అంది. రెండు రోజులు మమ్మీ అని పిలవలేదు.

ఇవాళ హార్లిక్స్ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. నిండా పీలికలు. దేవుడి పాటలని చెత్తలో వేయలేదట. "మీరు వెతకండి, నేను అతికిస్తాను" అంది, నా మొహం చూడకుండా.

నూట పన్నెండు మొదటి చరణంలో సగం దొరికింది. పీలికలు ఎగిరిపోతాయని ఈ ఎండలో ఫ్యాను ఆపుకుని కూర్చున్నాం. ఇందాక ఒక ముక్క నా కళ్ళజోడు దగ్గరికి తెచ్చి, చెమట తుడుచుకుంటూ అడిగింది.

"మమ్మీ, ఇది ఏ అక్షరం?"

నీ
సరళ